బురద పేజీలు

మా వృత్తిలో బురదంటే చిన్నచూపు. చమురు బావి తవ్వేటప్పుడు పైనుంచి గొట్టంలోకి చిక్కటి బురద పంపిస్తారు. అది అడుగుదాకా వెళ్లి, తిరుగుతూ రాతిని తొలిచే బిట్‌ను చల్లబరిచి, పగిలిన రాతి పొడిని మోసుకుని పైకి వస్తుంది. ఆ పొడి మాది. బురద మాత్రం మడ్ ఇంజనీరుది. రోజువారీ రిపోర్టులో ఆయనకి విడిగా ఒక పేజీ ఉంటుంది. బురద ఎంత చిక్కగా ఉంది, ఎంత బరువుంది, అందులో ఏయే మందులు ఎన్ని బస్తాలు కలిపారు, ఇవే రాస్తారు. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లం ఆ పేజీ జోలికి పోం. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నేనూ పోలేదు. శుభలేఖ అడుగున రాసే బంధువుల పేర్లలాగా దాటేసేదాన్ని.

నాకు కోపం ఎక్కువ, గర్వం అంతకంటే ఎక్కువ అని ఆఫీసులో అందరికీ తెలుసు. ఇప్పుడు చెప్పబోయేది గర్వపడే సంగతే. కాకపోతే దానికి ముందు ఒక తప్పుంది, అది నాదే. అది మింగేసి మిగతాది చెబితే బాగుండదు.

మా ఆఫీసు పంజగుట్టలో, నగల దుకాణం పైన మూడో అంతస్తు. కిటికీ తీస్తే ఫ్లైఓవర్ హారన్లు, మూస్తే ఉక్క. ఉన్నది ఎనిమిదిమందిమి. మాకు పెద్ద మా డైరెక్టర్ గారు, గుంటూరాయన. చమురు కంపెనీలు తమ చేతికొచ్చిన ప్రాంతాల కాగితాలన్నీ మాకిచ్చి, ఇక్కడ తవ్వొచ్చా, మానుకోవాలా అని అడుగుతాయి. మేం ఆ నేల చరిత్రంతా మొదట్నుంచి కంప్యూటర్‌లో మళ్లీ నడిపించి చూసి చెబుతాం. దాన్నే మోడల్ కట్టడం అంటాం.

శ్రీనగర్ కాలనీలో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు "ఇంతకీ మీరేం చేస్తారండీ?" అని అడిగితే వంట భాషలో చెబుతాను. పాతకాలపు సరస్సుల అడుగున నాచూ ఆకూ కుళ్లి, మట్టితో కలిసి నల్లటి రాయి అవుతుంది. అది మన సరుకు. దాని మీద ఇంకా ఇంకా మట్టి పడి లోతుకు దిగేకొద్దీ వేడెక్కుతుంది. సరిగ్గా ఉడికితే నూనె, ఇంకా ఉడికితే గ్యాస్, ఉడక్కపోతే ఏమీ రాదు. వచ్చిన నూనె పైకి పాకి ఏదో ఒక రాతి గిన్నెలో, గట్టి మూత కింద నిలవాలి. వంటయ్యాక గిన్నె తయారైతే అంతా పారబోసుకున్నట్టే. మా శాస్త్రంలో కూడా ఉడికే చోటును వంటిల్లనే అంటారు. వంట ఎప్పుడు మొదలైంది, ఎంత మంట మీద సాగింది, అప్పటికి గిన్నె ఉందా లేదా, ఇదంతా కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్లి తేల్చడం నా పని. "అయితే మీరూ వంటావిడే" అని నవ్వుతారు వాళ్లు. కాదనను.

ఆ ఏడు మా చేతికొచ్చిన లోయ మన రాష్ట్రంలోదే. ఒకప్పుడు భూమి చీలి, నడుమ భాగం కుంగి, అందులో సరస్సులు నిలిచి పూడిపోయిన చోటు. పైపైన బొగ్గు తవ్వుకున్నారు గానీ లోతుకు ఎవరూ పెద్దగా వెళ్లలేదు. చమురు కోసం లోయ మొత్తంలో తవ్విన లోతైన బావి ఒక్కటే. అదీ ముప్పై ఏళ్ల పైమాట. అనుకున్న లోతు చేరకముందే గొట్టం ఇరుక్కుపోతే మూసేసి వచ్చేశారు. మాకున్న సాక్ష్యమంతా ఆ ఒక్క బావే.

రాయి ఉడికిందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. రాతిలో పాతకాలపు కట్టె తునకలుంటాయి, కంటికి కనిపించనంత చిన్నవి. వేడి తగిలేకొద్దీ వాటికి మెరుపొస్తుంది. పైకొచ్చిన రాతి పొడిని జిగురుతో బిళ్లలుగా చేసి, సానబట్టి, మైక్రోస్కోప్ కింద పెట్టి ఆ మెరుపు కొలుస్తాం. లోతుకు పోయేకొద్దీ అది పెరగాలి. ఈ బావిలో కొంతవరకు పెరిగి, అక్కణ్నుంచి తగ్గిపోయింది. పాత రిపోర్టులో ప్రతి లోతుకూ ఒక సగటు అంకె మాత్రం ఇచ్చారు. బావి అడుగుకు దించిన థర్మామీటర్ కూడా వేడి తక్కువే చూపించింది. రెండూ ఒకే మాట చెబుతుంటే ఇంకేం కావాలి? ఈ లోయ చల్లనిది, రాయి ఇంకా పచ్చిది అని మోడల్ కట్టి, మొదటి రిపోర్టు రాసి సంతకం పెట్టాను. మెరుపు తగ్గడానికి ఏదో ఒక కారణం వెతికి అతికించాను. అతికించడం నాకు బాగా వచ్చు.

అదే రిపోర్టులో పాత బావి గురించి ఒక వాక్యం ఉంది. "బురద నిర్వహణలో లోపం వల్ల బావిని మధ్యలో విడిచిపెట్టారు." అది నా సొంత మాట కాదు. పాత రిపోర్టులోంచి ఎత్తి రాశాను. రాసేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించిన గుర్తు కూడా లేదు.

నా మాట నమ్మి కంపెనీవాళ్లు ఆ ప్రాంతాన్ని ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేద్దామనుకున్నారు. మేం చివరి రిపోర్టు ఇవ్వడమే తరువాయి.

దాన్ని బైండింగ్ చేయించడానికి అమీర్‌పేట నేనే వెళ్లాను. ఇంకొకరికి అప్పజెబితే మ్యాపులు తలకిందులుగా కుట్టి తెస్తారని నా భయం. కోర్సుల పేర్లు అరుస్తూ చేతిలో కాగితాలు కుక్కేవాళ్లను తప్పించుకుని, మెట్ల కింద ఇరుకులో ఉన్న జిరాక్స్ షాపుకు చేరాను. అప్పటికే అక్కడ ఇంటర్వ్యూలకి పోయే పిల్లలు బారులు తీరి ఉన్నారు.

"మేడం, మీది మస్తు పెద్దగున్నది. బైండింగ్ మిషన్ల పెడుత. పాత కాగితాలు మాత్రం జర ఆగాలె, పోరగాళ్ల రెజ్యూమేలు ఇచ్చి పంపిస్త" అన్నాడు షాపాయన.

రిపోర్టుకు జత చేయడానికి జిరాక్స్ తీయించాల్సిన పాత బావి కాగితాల కట్ట రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ చూసుకుందామన్నా చెయ్యి ఖాళీ లేదు. కళ్ల ముందున్న పేజీ చదవడం తప్ప గత్యంతరం లేకపోయింది. అది బురద పేజీ. విసుగ్గానే చదివాను. లిగ్నైట్, నలభై బస్తాలు. మరుసటి రోజు పేజీ తిప్పాను. లిగ్నైట్, అరవై. ఆ మరుసటి రోజు ఇంకా ఎక్కువ.

లిగ్నైట్ అంటే పచ్చి బొగ్గు. అదీ పాత కట్టే, కాకపోతే వేడి తగలనిది, మెరుపు లేనిది. దాని పొడి బురదలో కలిసి, రాతి పొడితో పాటు పైకొచ్చి, బిళ్లల్లో చేరి, అప్పటివాళ్ల మైక్రోస్కోప్ కింద కూర్చుంది. తేదీ పక్కన లోతు చూశాను. బస్తాలు పొయ్యడం మొదలైన లోతు, మెరుపు తగ్గడం మొదలైన లోతు ఒకటే. అంటే భూమిలో ఉన్న కట్టెనీ, బస్తాలో తెచ్చిన కట్టెనీ కలిపి సగటు తీశారు. ఆ సగటు మీద నేను ఒక లోయ భవిష్యత్తు తేల్చేశాను.

"బైండింగ్ ఆపండి" అన్నాను.

"సగం అయిపాయె మేడం."

"ఆ సగం కూడా విప్పేయండి."

"ఏమైంది? పేరు తప్పు పడ్డదా?"

"పేరొక్కటే కరెక్టు. మిగతాదంతా తప్పు."

ఆయన నన్నూ కాగితాలనూ ఒకసారి చూశాడు. "గట్లయితే ఫికర్ ఎందుకు మేడం, ఇంకా ఇయ్యలేదు గద" అని తాపీగా తీగ లాగేశాడు.

మా డైరెక్టర్ గారు అంత తాపీగా తీసుకోలేదు. "రెండు నెలల కిందట సంతకం పెట్టిన రిపోర్టు మనమే తప్పంటే, రేపు మన గుమ్మం ఎవరెక్కుతారమ్మా?" అన్నారు. తప్పని తెలిసీ ఇస్తే ఎల్లుండి ఎవరూ ఎక్కరని నేనూ అరిచాను. కాసేపు ఇద్దరం అరుచుకున్నాం. చివరికి మూడు వారాల గడువు అడుగుతానన్నారు. ఈలోగా తేలకపోతే బైండింగ్‌కి ఇచ్చిన రిపోర్టే పంపిస్తానన్నారు. ఆయన వైపూ న్యాయం ఉంది. సగటు తప్పని తెలిసింది గానీ, రాయి ఉడికిందని మాత్రం ఇంకా తెలియదు. థర్మామీటర్ ఇప్పటికీ చల్లనిదనే అంటోంది.

అసలు అంత లిగ్నైట్ ఎందుకు పోశారో నాకు అర్థం కాలేదు. పేజీ అడుగున మడ్ ఇంజనీరు సంతకం ఉంది. డైరెక్టర్ గారే తనకు తెలిసిన రిటైరైనవాళ్లకు నాలుగు ఫోన్లు చేసి ఆయన ఆచూకీ పట్టుకున్నారు. ఉన్నది ఎక్కడో కాదు, ఎర్రమంజిల్ వెనక సందులో. మా ఆఫీసు నుంచి నడిచే దూరం.

డెబ్బై దాటిన మనిషి. నేను ఏ బావి గురించి వచ్చానో చెప్పగానే చదువుతున్న పేపర్ మడిచి పక్కన పెట్టారు.

"గా బాయి ముచ్చటా? ముప్పై ఏండ్లయింది. ఇంకా నన్నే అడుగుతుండ్రా?"

"లిగ్నైట్ ఎందుకు కలిపారో తెలుసుకుందామని వచ్చాను సార్."

"ఎందుకు కలుపుతరు? బురద పల్చగ చేసేటందుకు. మామూలు బాయిల వేరే మందులు ఉంటయ్. మస్తు వేడి ఉంటే అవి పనిచెయ్యవు. వేడికి తట్టుకునేది లిగ్నైటే. పంపు ఆపి జర సేపు ఊకుంటే చాలు, నా బురద పెరుగు లెక్క గడ్డ కట్టేది. నేను పోసుకుంట పోయిన. ఆఖరికి గొట్టం ఇరికింది."

"బావి వేడిగా ఉందని అప్పుడు చెప్పలేదా?"

"మొత్తుకున్న. థర్మామీటర్ దించి చూసిండ్రు. చల్లగనే ఉన్నది, నీకే బురద కలపరాదు అన్నరు. బురద తిప్పుడు ఆపంగనే దించితే ఏం చూపిస్తది బిడ్డా?"

నాకు ఒక్కసారిగా వెలిగింది. కాలిన పెనం మీద చెంబుడు నీళ్లు పోసి, వెంటనే చెయ్యి పెట్టి చల్లగా ఉందన్నట్టు. బావిని కొన్ని గంటలు కదపకుండా వదిలేసి, మళ్లీ మళ్లీ కొలిస్తేనే అసలు వేడి తెలుస్తుంది. వాళ్లు ఒక్కసారే కొలిచారు. ఇవన్నీ నాకు తెలిసిన సంగతులే. తెలిసీ ఆ అంకె వాడుకున్నాను, వేరే అంకె లేదని.

"తర్వాత నన్ను స్టోర్స్‌ల ఏసిండ్రు. రిటైర్ అయ్యేదాక స్టోర్స్‌లనే ఉన్న" అన్నారాయన. పేపర్‌ను ఇంకో మడత పెట్టి అడిగారు: "మీ రిపోర్టుల నా గురించి ఏం రాసిండ్రు?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఉన్నదున్నట్టు చెప్పాను, వాక్యం మొత్తం.

"నువ్వు సుత రాసినవా?"

ఆ మాటకు నేను ఇప్పటికీ తల దించుకుంటాను. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య "పోనియ్యి, పాత ముచ్చట్లు ఎందుకిప్పుడు" అని నా చేతికి చాయ్ ఇచ్చింది.

"బాయి వేడిదని తేలితే గా మాట తీసేస్తవా?" అన్నారాయన.

"తీసేస్తాను సార్. నిజం ఏదో అది రాస్తాను."

"తేలకపోతే?"

చాయ్ తాగి లేచాను. ఆ బావి చల్లనిదైతే మా ఇద్దరి పేర్లూ ఆ పాత కాగితాల్లోనే ఉండిపోతాయని దారి పొడుగునా అనుకుంటూ నడిచాను.

పాత బిళ్లలు కంపెనీ గోదాములో భద్రంగానే ఉన్నాయి. తెప్పించి మళ్లీ సానబట్టించి, మా ఆఫీసు మైక్రోస్కోప్ ముందు తొమ్మిది రోజులు కూర్చున్నాను. ఈసారి సగటు లేదు. ఒక్కో తునకనూ చూసి, ఇది రాతిలో పుట్టిందా, బస్తాలోంచి వచ్చిందా అని అడుగుతూ పోయాను. ఈ పనిలో నా కన్ను మంచిదని నేనే చెప్పుకుంటాను. చెప్పుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు కాబట్టి. రాతి తునక అంచుకు మట్టి కరుచుకుని ఉంటుంది. బస్తా తునక వదులుగా, అంచులు విరిగి, మొక్క అల్లిక ఇంకా కనిపిస్తూ ఉంటుంది. మెడ పట్టేసింది, కళ్లు మండాయి, మధ్యాహ్నం డబ్బా తెరవడం కూడా రెండు మూడుసార్లు మరిచిపోయాను.

పదో రోజు అంకెలన్నీ గ్రాఫుగా గీస్తే ప్రతి లోతులోనూ ఒక గుట్ట కాదు, రెండు గుట్టలు వచ్చాయి. తక్కువ మెరుపున్న గుట్ట ఏ లోతులో చూసినా ఉన్నచోటే ఉంది. అది బస్తాలది. రెండోది మాత్రం లోతు పెరిగేకొద్దీ ఎక్కడా తడబడకుండా ముందుకు జరుగుతూ పోయింది. రాయి ఉడికింది. బాగా ఉడికింది. నేను కుర్చీలోంచి లేచి అరిచిన అరుపుకు పక్క గదిలోంచి డైరెక్టర్ గారు పరుగెత్తుకొచ్చారు, ఏ షార్ట్ సర్క్యూటో అయ్యిందనుకుని.

ఆ మెరుపును బట్టి తేలిన కొత్త వేడితో మోడల్ మళ్లీ నడిపించాను. లోయ నడిబొడ్డులో వంట ఎప్పుడో మొదలైంది. గిన్నెలు అంతకు ముందే తయారై ఉన్నాయి. ఒక్క అంకె మార్చి, ఇంకో అంకె మార్చి, పడగొట్టడానికి నేనే ఎన్నో రకాలుగా ప్రయత్నించాను. పడలేదు.

కంపెనీవాళ్ల ముందు నిలబడిన రోజు మొదటి మాటగా "నా మొదటి రిపోర్టు తప్పు, ఆ తప్పు నాది" అన్నాను. రెండు గుట్టలూ చూపించాను. వాళ్ల పెద్ద జియాలజిస్టు గారు నిదానస్తుడు, అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు.

"మూడు నెలల కిందట పచ్చి అన్నారు, ఇవాళ ఉడికింది అంటున్నారు. పాత రాళ్లనే ఇంకోలా చదివారు. మేం ఏ మాట నమ్మాలండీ?"

నేను బోర్డు దగ్గరికి వెళ్లి ఒక లోతు రాసి, దాని పక్కన ఒక అంకె రాశాను. "మీరు కొత్త బావి తవ్వి, బురద తిప్పడం ఆపి, తగినంతసేపు ఆగి కొలిస్తే ఇక్కడ ఇంత వేడి ఉంటుంది. లేకపోతే మీరు ఇంకెప్పుడూ నన్ను పిలవక్కర్లేదు."

మా డైరెక్టర్ గారు కళ్లు మూసుకున్నారు. అవతలాయన ఆ అంకెను తన నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ప్రాంతం తిరిగి ఇవ్వడం ఆపారు.

కొత్త బావి తవ్వడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో ఎర్రమంజిల్ సందు వైపు నేను పోలేదు. పోయి ఏం చెప్పను? అడుగుకు చేరారని తెలిసిన రోజు మాత్రం ఏ పనీ చెయ్యలేకపోయాను. బురద తిప్పడం ఆపేసి ఆగమని వాళ్లకు మూడుసార్లు ఫోన్ చేసి చెప్పాను. మర్నాడు పదకొండు గంటలకు డైరెక్టర్ గారు ఫోన్ చేతిలో పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారు. మెచ్చుకోవడం అలవాటు లేని మనిషి.

"నీ అంకె తప్పమ్మా" అన్నారు. "రెండు డిగ్రీలు ఎక్కువొచ్చింది."

అందరి ముందూ ఏడ్చాను. నాకేం సిగ్గు వెయ్యలేదు. మూడు కిలోమీటర్ల లోతున, ఎవరూ చూడని రాయి ఎంత వేడిగా ఉందో నగల దుకాణం పైన కూర్చుని చెప్పాను, రెండు డిగ్రీల తేడాతో. గ్యాస్ తగిలింది, కాస్త తేలిక నూనె కూడా. అమ్ముకునేంత ఉందా లేదా అన్నది ఇంకా చూస్తున్నారు. అది వాళ్ల సంగతి. వంటిల్లు ఉందని చెప్పింది నేను, ఉంది.

కొత్త రిపోర్టులో పాత బావి చరిత్ర రాసే భాగం అడిగి తీసుకున్నాను. రెండు వాక్యాలు రాశాను. పాత బావిలో బురద గట్టిపడింది రాతి వేడి వల్లనే గానీ నిర్వహణ లోపం వల్ల కాదు. ఆ వేడిని అప్పటి మడ్ ఇంజనీరు అప్పుడే గుర్తించి చెప్పారు. రెండో వాక్యం అవసరమా అని కంపెనీలో ఒకాయన కొట్టేశారు. నేను మళ్లీ రాశాను. ఆయన మళ్లీ కొట్టేశారు. నేను ఫోన్ చేసి, ఆ వాక్యం తీసేస్తే నా సంతకం కూడా తీసేయమన్నాను. ఉంచారు.

ఆ పేజీ పట్టుకుని ఎర్రమంజిల్ వెళ్లాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని ఒకసారి చదివారు. వేలు పెట్టి మళ్లీ చదివారు.

"ఇంగ్లీష్‌ల ఉన్నది. మా ఆమెకు తెలుగుల చెప్పు" అన్నారు.

ఆవిడ వచ్చి నిలబడింది. చెప్పాను. బురద కలపడంలో తప్పేం లేదమ్మా, బావే వేడిది, ఈయన ఆనాడు చెప్పింది నిజమని ఇప్పుడు కొలిచి తేల్చాం, అదే ఇందులో రాశాం.

ఆవిడ నా వైపు చూడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

"నేను సుత నమ్మలే నిన్ను" అంది. "థర్మామీటర్ అబద్ధం చెప్తదా అనుకున్న, ఇన్నేండ్లు."

ఆయన పేజీ మీంచి తల ఎత్తలేదు.

"ఎర్కనే" అన్నారు. "ఇప్పుడు నమ్మినవ్ గద. చాలు."